నూరో ఆరోగ్యవంతుడు

లోకంలో జబ్బుకి మందు దొరక్కపోవచ్చు గాని, ఫారం దొరక్కపోవడం మాత్రం మానవజాతి చరిత్రలో లేదు. ఉద్దానంలో జీడి ఓ ఏడు కాస్తుంది, ఓ ఏడు కాయదు. పరిశోధన ఏటా విరగకాస్తుంది.

పలాస దగ్గరి పల్లెలో పుట్టిన అశ్విని, కిడ్నీ జబ్బు మీద పీహెచ్‌డీకి చేరి ఇది ఆరో ఏడు. విశ్వవిద్యాలయం ఆమెను పెద్దగా ఏమీ అడగలేదు. రోగుల రక్తంతో పోల్చడానికి వంద మంది ఆరోగ్యవంతుల రక్తం కావాలంది, అంతే. వాళ్లు ఉద్దానం వాళ్లే అయ్యుండాలి. ఇంతకుముందు ఏ పరిశోధనకూ రక్తం ఇచ్చి ఉండకూడదు. (ఈ రెండో నిబంధన రాసిన పెద్దమనిషి ఉద్దానం చూడ్డానికి బయల్దేరి, టెక్కలి మీదుగా బస్సులో వెళ్తూ నిద్రపోయాడని వినికిడి.)

సింహాచలమ్మ అనే ముసలావిడైతే ఫారం తీయకముందే చెయ్యి చాపేసింది. "ఎడం సెయ్యి తీస్కో పాపా. కుడిసేతిది పోయినేడు ఒచ్చినోల్లు పట్టుకెల్లినారు."

"ముందు ఇచ్చినోల్లు పనికిరారు అమ్మమ్మా."

"ఓలమ్మో! ఎవులూ తియ్యని రగతం ఈ ఊర్లో ఎక్కడ దొరుకుతాదే? దోమలకే సాలట్లేదు!"

అయినా అశ్విని చెప్పులు అరిగేలా తిరిగి తొంభై తొమ్మిది మందిని పట్టింది. (అందులో పదకొండు మంది, పరిశోధకులు వచ్చిన ప్రతిసారీ సముద్రం మీద వేటలో ఉన్నవాళ్లు.) నూరో మనిషి ఇంట్లోనే దొరికాడు. తండ్రి ధర్మారావు. సిరంజి మాట వినబడితే చాలు, పదిహేనేళ్లుగా జీడితోటలోకి మాయమయ్యే మనిషి. కూతురి కోసం కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యిచ్చాడు.

"దీంతో నీ సదువు అయిపోతాది కదమ్మా?"

"అయిపోతాది నాన్నా."

రిపోర్టు వచ్చింది. క్రియాటినిన్ ఆరు (ఒకటిన్నర దాటితేనే కిడ్నీకి ముప్పు). ఉద్దానంలో ఆ అంకెకి అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. అశ్విని వెంటనే గైడు ఢిల్లేశ్వరరావుకి ఫోన్ చేసింది.

"సార్, మా నాన్నకి ఆరుంది సార్."

"అయ్యయ్యో, ఎంత పనైందమ్మా!" ఆయన నిజంగానే బాధపడ్డాడు. "మళ్లీ తొంభై తొమ్మిదికి పడిపోయాం."

థీసిస్ సమర్పించేదాకా ఎవరి ఫలితమూ వారికి చెప్పకూడదని నిబంధన పద్నాలుగు. చెప్పాలంటే నైతిక విలువల సంఘం అనుమతి కావాలి. సంఘం మూడు నెలలకోసారి కూర్చుంటుంది (అందరికీ కుదిరితే). ఈలోగా కార్యదర్శి ఓ సలహా ఇచ్చాడు. "కూతురిగా మీకు తెలుసు. పరిశోధకురాలిగా తెలియదనుకోండి."

అశ్విని ఆ సలహాను ఒక పూట పాటించింది. రాత్రి అన్నం వడ్డిస్తూ, వెక్కివెక్కి ఏడుస్తూ చెప్పేసింది. సంగతి తెలిసి సంఘం రెండు రోజుల్లోనే అత్యవసరంగా కూర్చుంది. ధర్మారావును ఆరోగ్యవంతుల జట్టు నుంచి తొలగించింది. గోప్యతకు భంగం కలిగించినందుకు అశ్విని రిజిస్ట్రేషన్‌ను ఏడాది ఆపింది. నైతిక విషయాల్లో జాప్యం పనికిరాదు కదా.

కొన్నాళ్లకు, డయాలసిస్ మంచం మీద పడుకుని ధర్మారావు కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"నా వల్లే నీ సదువు ఆగిపోనాది. బాగున్నోల్ల జట్టుకి పనికిరాకపోతే పోనీ, ఆ రోగాలోల్ల జట్టులో నన్నేసెయ్యమ్మా."

అశ్విని తల వంచుకుంది.

"అది మొదటి వారంలోనే నిండిపోనాది నాన్నా."