బొంతమ్మ కొట్టుకి పంజా అక్షరాలు

ఒక పెద్ద అడవిలో, వాగు దాటే రేవు పక్కన, చిన్న సంత జరిగేది. ఆ సంతలో తేనెకొట్టు బొంతమ్మ అనే ముసలి ఎలుగుబంటిది. కొట్టంటే మరేం లేదు. ఒక బండ, దాని మీద వరసగా సొరకాయ బుర్రలు. ఆవిడ ముక్కుకి ఆనని తేనె ఆ బుర్రల్లోకి ఎక్కేది కాదు. పట్టు నచ్చకపోతే "ఇదీ ఒక తేనేనా?" అని ఈగల్ని నిలబెట్టి తిట్టి వచ్చేది. అంత నిక్కచ్చి.

చదువు మాత్రం అంతంతమాత్రం. తన పేరులో సున్నా ఎక్కడుందో చూపించగలదు. ఆ సంగతి ఎవడన్నా ఎత్తాడో, వాడి మనవల దాకా గుర్తుపెట్టుకునేది.

ఎత్తినవాడు ఎదురుగానే ఉన్నాడు. నక్క సూరప్ప. ఎప్పుడో అడవి సభలో బొంతమ్మ పంజా ముద్ర తలకిందులుగా వేసిందని వాడు నవ్వాడు. సభ ముగిసిపోయింది, సభ పెట్టిన పెద్దలూ పోయారు. ఆ నవ్వు మాత్రం ఆవిడ చెవిలో ఇప్పటికీ కాపురం చేస్తోంది.

వాడూ తేనెకొట్టే పెట్టాడు. అమ్మేది ఇప్పపువ్వు రసం, వాసనకి నాలుగు చుక్కల తేనె. అయితేనేం, బోర్డుంది. అక్షరాల కిందనించి తేనె కారుతున్నట్టు గీయించాడు. దాంతో జనమంతా అటే. ఆఖరికి బొంతమ్మ చేతి తేనె నాకి పెరిగిన కుందేలు వీరన్న కూడా ఒకనాడు ముంత పట్టుకుని ఎదురు కొట్టుకి నడిచాడు.

"ఏరా వీరన్నా, దారి తప్పావా?"

"లేదు పిన్నీ. బోర్డున్న చోట కొంటే పదిమందిలో మర్యాదగా ఉంటుందని మా ఇంటిది పోరుతోంది."

సూరప్ప పళ్లికిలించాడు. "నువ్వూ ఒకటి పెట్టించుకో పెద్దమ్మా. ఏం రాశారో నేనొచ్చి చదివి పెడతాలే!"

బొంతమ్మ ఒంటి మీది వెంట్రుకలన్నీ లేచాయి. దానికి తోడు సంత కట్టుబాటొకటి: వానలు దిగేలోగా గిరాకీ లేని కొట్టు ఎత్తేయాలి. అంటే ఆ బండ మీద రేపు సూరప్ప కూర్చుంటాడు. చచ్చినా కూర్చోకూడదు.

వెంటనే నెమలి చిత్రాంగయ్యకి కబురు పెట్టింది. అక్షరాలు గీయడంలో ఆయన్ని మించినవాడు లేడని ఆయనే చెప్పుకునేవాడు.

"అక్షరమంటే ఏమనుకున్నారు అమ్మగారూ? అక్షరమంటే మీ కొట్టు మొహం!"

"నా మొహం నాకుంది. నువ్వు రాసింది చూపించు."

టేకాకుల మీద గీసుకొచ్చిన నమూనాలు పరిచాడు. మొదటి దాంట్లో ప్రతి అక్షరానికీ ఒక తోక, తోక చివర ఒక కన్ను.

"ఇవి అక్షరాలా, నీ చుట్టాలా? తీసెయ్."

రెండోవి సన్నగా, పొడుగ్గా, కొంగ కాళ్లలా ఉన్నాయి.

"వీటికెవరూ ఇంత తిండి పెట్టలేదా?"

మూడో ఆకుని అటు తిప్పింది, ఇటు తిప్పింది, తలకిందులుగా ఆపింది. "నా పేరు బాగానే రాశావు గానీ, తలకట్లు బద్ధకంగా పడుకున్నాయి."

"అమ్మగారూ... అది మీ పేరు కాదు. ఊరికే నమూనాకి రాసిన మాట."

"తెలీకనా? నీకు తెలుసో లేదోనని చూశాను."

నెమలి ఆ ఆకుని గబగబా చుట్టేశాడు.

"విను. చూసినవాడు నడక ఆపాలి. ఆ సూరప్పగాడికి వెన్నులో చలి పుట్టాలి. అలాంటివి ఉన్నాయా, లేవా?"

చిత్రాంగయ్య ఆలోచించి అడుగునున్న ఆకు తీశాడు. దాని మీద అక్షరాలన్నీ గీతలే. చీరేసినట్టు, పక్కపక్కన, నిలువునా. "కొండమీద మద్దిమానుల మీద చూశానమ్మా. ఎవరో అజ్ఞాత కళాకారుడు! ఆ గీతలతోనే మీ పేరు కూర్చాను."

నేల మీద నడిచే ప్రతి ప్రాణికీ ఆ గీతలు తెలుసు. పులి తన హద్దు చెప్పడానికి గోళ్లతో మాను చీల్చిన గుర్తులవి. నెమలి కొమ్మ మీద పడుకునేవాడు, హద్దులతో ఆయనకేం పని? బొంతమ్మకా, చూపు తక్కువ, ముక్కు ఎక్కువ. ఆకు మీది పులికి వాసన ఉండదు కదా.

"ఎక్కడో చూసినట్టుందే..."

"చూసినట్టనిపించడమే గొప్ప అక్షరానికి గుర్తమ్మా!"

ఇంకా అడిగితే తెలీదని తేలిపోతుంది. అందుకని ఆవిడ అడగలేదు. "మూడో గీత వంకర" అని మాత్రం అంది.

"అది కళ అమ్మగారూ."

"వంకరే కళయితే నా నడుమూ కళే!"

అయినా ఒప్పుకుంది. మర్నాడు పసుపు పూసిన పలక మీద మసితో నల్లటి గీతలు దిద్ది, బండ మీదికి వంగిన కొమ్మకి కట్టారు.

సంతకొచ్చిన దుప్పి మలుపు తిరిగింది. ఆగింది. తోక లేచింది. మరి కనపడలేదు. వెనకే అడవిపంది, అదీ అంతే.

"ఆగారమ్మా! మీరడిగింది అదే!" నెమలి పురి విప్పాడు.

"ఆగినవాడు ముందుకి రావాలి గదయ్యా. వెనక్కి పోతున్నారేం?"

"అది రెండో మెట్టండీ."

అప్పుడు వాగు అవతలి ఒడ్డు నించి వీరన్న కేక వినిపించింది. "పిన్నీ! పులి నిన్ను తినేసిందా, ఇంకా తింటోందా?"

బొంతమ్మకి అంతా అర్థమైంది. ఎదురుగా సూరప్ప పొట్ట పట్టుకుని దొర్లుతున్నాడు. ఒక్క గుంజు గుంజితే ఊడే పలకే. కానీ ఊడదీస్తే వాడు నవ్విన నవ్వుకి రసీదిచ్చినట్టే.

"నా బోర్డు, నా ఇష్టం!" అని దాని కిందే చతికిలబడింది.

మధ్యాహ్నానికి పులిదొర స్వయంగా వచ్చాడు. సూరప్ప తన బల్ల కింద దూరాడు. నెమలి చిటారుకొమ్మ ఎక్కాడు.

"నా హద్దు గీతలు ఇక్కడ గీసిందెవరు?"

బొంతమ్మ మెడ వంచలేదు. "మీ రాతే దొరా. ఈ అడవిలో ఇంత అందమైన రాత ఇంకొకరికి లేదని పెట్టుకున్నాను."

పులి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఆ గీతలు చూసి పారిపోయినవాళ్లే గానీ, మెచ్చినవాళ్లు ఇంతవరకూ లేరు.

"నిజంగా బావుందంటావా?"

"మూడో గీత వంకర." నోరు జారింది. పైన నెమలి కళ్లు మూసుకున్నాడు.

పులి పలక దగ్గరికెళ్లి చూసుకుని, సిగ్గుపడ్డాడు. "ఆరోజు గోరు నొప్పిగా ఉండింది... సరే, ఆ ఎదురు బోర్డేమిటి, జలుబు చేసిన ముక్కులా కారుతోంది?"

"నా బాధా అదే దొరా."

పులి అప్పటికప్పుడు దాన్ని తన చేత్తో తిరగరాశాడు. ఆ రాతలో బోర్డు పోయింది, బల్ల పోయింది, సూరప్ప తోకలో సగం పోయింది. బొంతమ్మ చెవిలోని పాత నవ్వు ఆపూటకి నోరు మూసుకుంది.

అప్పట్నించి ప్రతి సంతకీ పులిదొర వచ్చి కొట్టు ముందు పడుకోవడం మొదలుపెట్టాడు. తన రాతని అందరూ వచ్చి చూడాలని ఆజ్ఞ. వచ్చినవాళ్లు ఉత్త చేతుల్తో పోతే బావుండదని తలో ముంత తేనె కొనేవారు. కొట్టు కిటకిట. ఎత్తేయమనే మాటే లేదు.

"వీరన్నా, ఈసారి కానుగపూత తేనె. నాలిక మీద వేసుకుని చూడు."

"అబ్బ, ఏం గీత!" వీరన్న పలకకేసి చూస్తూ అన్నాడు.

"తేనె ఎలా ఉందిరా?"

"పిన్నీ, ఆయన ఇటే చూస్తున్నాడు... ఆహా, ఆ మూడో వంకర! ఏం సొగసు!"

దుప్పిని అడిగింది, పందిని అడిగింది. అందరి నాలికా తేనె మీద, కళ్లు మాత్రం పులి మీద. బొంతమ్మకి మండింది. తరవాతి సంతకి బుర్రల నిండా ఇప్పపువ్వు రసం పోసింది. ఒక్క చుక్క తేనె కలపలేదు. ఎవడో ఒకడు ఉమ్మేయకపోతాడా, దెబ్బలాటకి రాకపోతాడా అని చూసింది.

అందరూ తాగారు. అందరూ "అద్భుతం" అన్నారు. అదీ బోర్డు చూసే.

పొద్దు వాలాక, పులి వెళ్లాక, సగం తోకతో సూరప్ప నక్కుతూ వచ్చాడు. బుర్రలో వేలు ముంచి నాకి, తుపుక్కున ఉమ్మాడు.

"థూ! ఇది నా సరుకు పెద్దమ్మా! అదీ నాకంటే నాసిరకం. నేనైతే నాలుగు చుక్కలన్నా కలిపేవాణ్ణి!"

బొంతమ్మ వాణ్ణి ఎగాదిగా చూసింది. బండ వెనక దాచిన బుర్ర తీసి, మోదుగాకు దొప్పలో తేనె పోసింది.

"కూర్చోరా, దరిద్రుడా. తిని చెప్పు."

వాడు తిన్నాడు. దొప్ప అడుగుదాకా నాకాడు. "తేనంటే ఇదీ" అన్నాడు.

"ఆనాడు నువ్వు నవ్విన నవ్వు మాత్రం మర్చిపోలేదు" అంటూ బొంతమ్మ ఇంకో దొప్ప పోసింది.

నీతి: బోర్డు బ్రహ్మాండంగా కుదిరిన కొట్టుకి, సరుకు రుచి చెప్పేవాడు పగవాడొక్కడే మిగులుతాడు. కనక వాణ్ణి జాగ్రత్తగా చూసుకోవాలి.