బందరు పార్కులో గుంటరక్షణము

సముద్రపు ఉప్పుగాలి వింజామరలు వీవగా, చిత్తడినే పారాణిగా దిద్దుకొని విలసిల్లు మచిలీపట్టణమున, ఒకానొక ఆశ్వయుజ ప్రాతఃకాలమున, పార్కు నడిబొడ్డున, మోకాలిలోతు గుంటలో, వట్టివేరు దుబ్బుల నడుమ, ఉద్యానరచనావిశారద తన్మయి చేతులు బార్లా చాచి నిలిచెను. ఎదుట డ్రైవరు ఏలీయా తోలుకొచ్చిన ట్రాక్టరు నిండా మెరకమట్టి! ఇంకేముంది, కొంప మునిగినట్టే.

ఆ గుంట ఆమె తొలి పని. నడకదారిపై కురిసిన నీరెల్ల అందులో దిగి, కొంత ఇంకి, తక్కినది గొట్టము గుండా కాల్వకు పోవలెనని మూడు నెలలు తపించినది. కానీ పల్లము కంటబడినచో మెరక తోలించక నిద్రపోని వాళ్లము కదా మనము! రోడ్డు లేచినదని ఇల్లు లేపి, ఇల్లు లేచినదని రోడ్డు లేపి, ఆకాశమున కాపురము పెట్టబోవు వీరులము.

ఆ వీరులలో అగ్రగణ్యుడు, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, నడకసంఘాధ్యక్షుడు, నిమ్నస్థలనిర్మూలనదీక్షాదక్షుడు, శ్వేతకాన్వాసుపాదరక్షాలంకృతుడు నాగభూషణరావు గారు.

"కాంట్రాక్టరు గుంట పూడ్చకుండా పోయాడమ్మా, అందుకే మట్టి తోలించాను. పైకి రా తల్లీ" అనెను దయగా. అయ్యో, ఆ దయతోనే వచ్చింది చిక్కంతా!

"ఓ సంఘాధ్యక్షా! ఇది మిగిలిపోయిన గుంట కాదు, కోరి తవ్వించిన గుంట! దీనిని పూడ్పదలచినచో ముందు నన్ను పూడ్పుడు!" అని గర్జించి, అంతలో చాచిన చేతులు జోడించి, "ఒక్క వాన చూడండి మాస్టారూ. మర్నాటికి నీళ్లు నిలిచి ఉంటే నేనే పార పడతాను" అనెను.

"సరే, ఒక్క వానేనమ్మా. ఏలీయా, బండి గేటు పక్కన ఉంచవయ్యా."

ఆ మధ్యాహ్నమే కుండపోత. కిటికీ కడ తన్మయి గోళ్లన్నియు కొరికివేసెను.

మర్నాడు మాస్టారు తన వీధిలో పిక్కలలోతు నీళ్లు దాటుకొని, బూట్లు చంకన పెట్టుకొని ఏతెంచెను. గుంటలో తొంగిచూచెను. తడిమట్టి, నాలుగు కప్పలు, అంతే! పాదములు తుడుచుకొని, మేజోళ్లు, బూట్లు తొడిగి దారిపై మూడు చుట్లు తిరిగి, బెంచీపై కూలబడి, మేజోళ్లు విప్పి పిండిచూచెను. ఒక్క చుక్క రాలేదు.



"ఏలీయా, మట్టి వెనక్కి తీసుకుపోవయ్యా" అని, గొంతు తగ్గించి, "అమ్మాయీ, మా వాకిట్లో కూడా ఓ గుంట తవ్విస్తావా?" అనెను.

ఆహా! దిక్కులారా, వినుడు! ఆ దినమున బందరులో ఒక జత మేజోళ్లు తడవలేదు!