ఏది వెనకొస్తే అది

నుకులేవా దీవి చరిత్రలో మొట్టమొదటి ఇంజిన్ ఆయిల్ విధానాన్ని రవాణా శాఖ మంత్రి పెనిసిమానిగారు మంగళవారం ఉదయం చర్చి మైదానంలో ప్రకటించారు. బ్యాండువాళ్ళు తమకు వచ్చిన పాటలన్నీ వాయించేశారు. మంత్రిగారు దీవి మర్యాద ప్రకారం నడుముకు కొత్త చాప చుట్టుకుని, మెడనిండా పూలదండలు వేసుకుని, తన కారుతో పాటు వచ్చిన పుస్తకాన్ని పైకెత్తి చూపించారు.

"పెద్ద దేశాలు మనకు కార్లు దానమిస్తాయి. వాటితోపాటు ఇంత భయం కూడా దానమిస్తాయి. ఈ పుస్తకం ఏమంటోంది? పదివేల కిలోమీటర్లు తిరిగినా, ఆరు నెలలు గడిచినా, ఏది ముందొస్తే అప్పుడు ఆయిల్ మార్చాలట! ముందెందుకు రావాలి? మనకేం కొంప మునిగిపోతోంది? ఇకనుంచి మన ప్రభుత్వ వాహనాలకు ఏది వెనకొస్తే అదే!"

జనం ఈలలు వేశారు. ఆ చివరి మాట రాసింది మంత్రిగారి ప్రచార కార్యదర్శి కెలెపి. వేదిక వెనక నిలబడి తన మాటకు తానే చప్పట్లు కొడుతూ, అందరికన్నా తన చప్పుడే గట్టిగా వినిపిస్తోందని గ్రహించి కాస్త తగ్గించాడు.

మా దీవికి ఉన్నది ఒక్కటే రోడ్డు. పందులు అడ్డం రాకపోతే టీ చల్లారేలోపు దీవి చుట్టి ఇంటికి వచ్చేయొచ్చు. ఇక్కడ పదివేల కిలోమీటర్లు పోగుచేయాలంటే ఓపిక కావాలి. ఆ ఓపిక మంత్రిగారికి ఉంది. ఆయన కారు కొత్తగా వచ్చి ఏళ్ళు గడిచినా మీటరు తొమ్మిదివేల చిల్లర దగ్గరే ఉంది. అందులో ఆయిల్ ఒక్కసారి కూడా మార్చలేదు. విధానాన్ని ప్రకటించకముందే ఆచరించి చూపిన నాయకుడు మరే దేశంలోనైనా ఉన్నాడేమో తెలియదు. కెలెపి మాత్రం లేడనే రాశాడు.

కారు తిరగకపోయినా ఖాళీగా లేదు. దీవిలో పనిచేసే ఏసీ ఉన్నది ఆ ఒక్క కారులోనే. ఆదివారం పాస్టరుగారి ప్రసంగం ఎండ నడినెత్తికి వచ్చినా ఆగదు కాబట్టి, మంత్రిగారి కారు చర్చి గోడ పక్కన ఇంజిన్ ఆపకుండా నిలబడి ఉండేది. చెమటలు పట్టిన పెద్దలు, పాటల బృందంలోని భారీ ఆడవాళ్ళు వంతులవారీగా వచ్చి కూర్చుని చల్లబడి వెళ్ళేవారు. మంత్రిగారిని జనం ఓట్లేసి మళ్ళీ గెలిపించింది ఈ సేవ చూసే.

మెకానిక్ లోపెటికి ఇది నచ్చలేదు. అతనికి చాలా విషయాలు నచ్చవు. ఒక ఆదివారం బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే కడ్డీ బయటికి లాగి మంత్రిగారి ముక్కు ముందు పెట్టాడు.

"చూడండి సార్, ముదురు పాకం. బండి నిలబడే ఉన్నా ఇంజిన్ తిరుగుతోంది కదండీ. లోపల ఆయిల్ మాడి చస్తోంది."

"మీటరు కదిలిందా?"

"లేదు సార్."

"మీటరు కదలకుండా పని జరిగిందని ఎలా నమ్మమంటావయ్యా? అట్లా అయితే నా ఆఫీసులో అందరూ పనిచేస్తున్నట్టే లెక్క!"

"ఆయిల్ చిక్కబడిపోయింది సార్..."

"చిక్కనిది మంచిది కాదా? పల్చటి కొబ్బరిపాలు పోస్తే మీ ఆవిడ్ని మెచ్చుకుంటావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. కెలెపి ఆ కొబ్బరిపాల మాటను అక్కడికక్కడే జేబు కాగితం మీద ఎక్కించుకున్నాడు. లోపెటి చేతులు తుడుచుకుంటూ అతనికేసి చూసి, "రాసుకో అన్నా, రాసుకో. బండి ఆగిపోయిన రోజు ఆ కాగితం ట్యాంకులో వేద్దువుగాని," అన్నాడు.

ఆ వారం వచ్చిన పత్రికను కెలెపి ఇంటికి తెచ్చి తల్లికి చదివి వినిపించాడు. మెలెనాయిటెకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. పగలు రాత్రి తేడా తెలుస్తుంది, మనుషుల ముఖాలు తెలియవు. ఒకప్పుడు పత్రికలో ప్రకటనలు కూడా వదలకుండా చదివిన మనిషి. ఇప్పుడు కొడుకు రాసింది కొడుకే చదివి వినిపించాల్సిందే.

"ఈ ఏది వెనకొస్తే అదేంట్రా? ఎవడికి పుట్టిందీ బుద్ధి?"

"మంత్రిగారికమ్మా."

"ఆయనకి అంత లేదు," అంది ఆవిడ.

మూడేళ్ళు ఎదురుచూడగా ఆవిడకు పెద్ద దీవి ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చింది. ఏడాదికొకసారి వచ్చే కంటి డాక్టరు శుక్రవారం ఆపరేషన్లు చేస్తాడు. గురువారం విమానం ఎక్కాలి. కెలెపి బావ తన ట్రక్కు సిద్ధంగా ఉంచాడు. ఈ సంగతి తెలిసి మంత్రిగారు, "ట్రక్కులో ఎందుకయ్యా? అమ్మను నా కారులో నేనే దిగబెడతాను. ఫొటో తీయించు," అన్నారు.

"ట్రక్కు చాల్లేరా. వాడైతే వేళకి దిగబెడతాడు," అంది మెలెనాయిటె.

"ట్రక్కులో వెళ్తే పేపర్లో రాదమ్మా," అన్నాడు కెలెపి. ఆ మాట అన్నవాడు తానేనని తరవాత చాలాకాలం అతనికి గుర్తుండిపోయింది.

గురువారం ఉదయం ఆవిడ తెల్లగౌను వేసుకుని, ఆసుపత్రిలో తినడానికి ఉడికించిన చేమదుంపలు ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. మంత్రిగారు స్వయంగా తలుపు వేశారు. ఫొటో సరిగ్గా రాలేదని మళ్ళీ తెరిచి మళ్ళీ వేశారు. కారు బయలుదేరి కొబ్బరితోటలు దాటుతుండగా, ఆవిడ ముక్కు ఎగబీల్చింది.

"ఏదో మాడుతోందిరా."

"ఊళ్ళో సీమపనస కాలుస్తున్నారమ్మా."

"సీమపనస వాసన నాకు తెలీదూ? కళ్ళు పోయాయి గానీ ముక్కు పోలేదు."

మంత్రిగారు ముందు సీట్లోంచి నవ్వారు. ఆ నవ్వు సగంలో ఉండగా బానెట్ కింద ఎవరో డబ్బాలో రాళ్ళు వేసి ఊపుతున్నట్టు చప్పుడైంది. తరవాత ఏ చప్పుడూ లేదు. విమానాశ్రయం ఇంకా దీవికి అవతలి కొసన ఉంది. కెలెపి రోడ్డు మధ్యలో నిలబడి రెండు వైపులా చూశాడు. ఒక పంది తప్ప ఏ వాహనమూ రాలేదు. బావ ట్రక్కు వేసుకుని చేపల వేటకు అవతలి రేవుకు వెళ్ళిపోయాడు.

మా దీవి విమానం మంత్రుల కోసం ఎంతసేపైనా ఆగుతుంది. కానీ ఆరోజు మంత్రిగారికి ప్రయాణం లేదు. కాసేపటికి తలమీదుగా మోత వినిపించింది. మెలెనాయిటె కిటికీలోంచి తల పైకెత్తి, "అదేనా?" అంది.

"అదేనమ్మా," అన్నాడు కెలెపి. అతనికి ఏడుపొచ్చింది. మంత్రిగారు పక్కనే ఉన్నారు కాబట్టి చెమట తుడుచుకున్నట్టు ముఖం తుడుచుకున్నాడు. తల్లి చేమదుంపల మూట విప్పి, ఒకటి మంత్రిగారికి ఇచ్చింది.

లోపెటి వచ్చి చూసి, "ఇంజిన్ పట్టేసింది సార్. ఇక లేవదు," అన్నాడు.

"మీటరెంత చూపిస్తోంది?"

"పదివేలకు ఇంకా కొంచెం తక్కువుంది."

"అయితే ఇప్పుడు ముట్టుకోడానికి వీల్లేదు. నేను చేసిన రూలు నేనే తప్పితే జనం ముఖం ఎలా చూడను?"

ఆ విధంగా మా దీవిలో మహత్తరమైన ఉద్యమం మొదలైంది. రోజుకొక ఊరివాళ్ళు వంతులవారీగా మంత్రిగారి కారును తోశారు. చక్రం తిరిగితే చాలు, మీటరు తిరుగుతుంది. తిప్పింది ఇంజినా మనుషులా అని అది అడగదు. మంత్రిగారు లోపల కూర్చుని చెయ్యి ఊపారు. ఏసీ లేదు కాబట్టి విసనకర్రతో విసిరే బాధ్యత కెలెపి మీద పడింది. పెట్రోలు చుక్క ఖర్చు లేకుండా నడిచే ప్రభుత్వ వాహనం ప్రపంచంలో ఇదొక్కటేనని కెలెపి రాశాడు. అది అబద్ధం కాదు గనుక కాస్త గర్వపడ్డాడు కూడా.

పదివేలు నిండిన రోజు చర్చి మైదానంలో పండగ. పందుల్ని కాల్చారు, బ్యాండు మోగింది. లోపెటి కారు కింద దూరి అడుగు బోల్టు విప్పాడు. ఏమీ కారలేదు. కాసేపు ఆగి పుల్ల పెట్టి గెలికితే తారులాంటి ముద్ద ఒకటి జారి పళ్ళెంలో పడింది. మంత్రిగారు కొత్త ఆయిల్ డబ్బా తెరిచి, పాస్టరుగారి ప్రార్థన మధ్య తన చేతులతో ఇంజిన్‌లో పోశారు. ఇంజిన్ ఏ అభ్యంతరమూ చెప్పలేదు.

కారును తోసుకుంటూ ఇంటికి తీసుకుపోయారు. ఇంత సమర్థుడిని ఒక్క శాఖకే పరిమితం చేయడం అన్యాయమని భావించి, ప్రధానమంత్రి అదే వారం పెనిసిమానిగారికి ఆరోగ్య శాఖ కూడా అప్పగించారు. సోమవారం ఆయన కెలెపిని పిలిచి కొత్త శాఖకు కూడా అలాంటి చురుకైన మాట ఒకటి కావాలన్నారు. కెలెపి మధ్యాహ్నానికల్లా రాసి ఇచ్చాడు.

ఆ వారం పత్రిక పట్టుకుని భోజనం వేళకు ఇంటికి వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

"డాక్టరు మళ్ళీ ఎప్పుడొస్తాడో ఏమైనా పడిందేమో చదవరా," అంది మెలెనాయిటె.

కెలెపి గొంతు సవరించుకున్నాడు. "'కంటి ఆపరేషనుకు పెద్ద దీవికి పంపే రోగుల విషయంలో కొత్త విధానం. దరఖాస్తు పెట్టి ఆరు నెలలు నిండినా, చూపు పూర్తిగా పోయినా...'"

"ఊఁ?"

"'...ఏది వెనకొస్తే అప్పుడు పంపబడును.'"

ఆవిడ వేళ్ళతో చాప అంచు తడిమింది.

"ఆయిల్ గురించి రాసినవాడేనా ఇదీ రాసింది?"

"ఆఫీసులో రాశారమ్మా."

"చెయ్యి తిరిగినవాడు," అంది ఆవిడ. "సరేగానీ, ఆ లైటు వెయ్యి. అప్పుడే చీకటి పడిపోయింది."

కెలెపి కిటికీలోంచి బయటికి చూశాడు. పెరట్లో చాపల మీద ఎండుకొబ్బరి ఆరుతోంది. ఎండకు కళ్ళు చెదురుతున్నాయి.

లేచి వెళ్ళి లైటు వేశాడు.