మురికి కాళ్ళ కరువు

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే మీరనుకునేంత చిన్నది కాదు, ఈ కొసన పులి తుమ్మితే ఆ కొసకి మర్నాటిగ్గానీ వినపడనంత అడవిలో, జంతువులన్నీ ఒక్కసారే యేసయ్య శిష్యులైపోయినయ్. పులి మాంసం మానేశానంది. అందరం నమ్మాం. మేకలొక్కటే ఇంకా ఆలోచిస్తన్నయ్.

శిష్యుల క్లాసు నడిపేది నక్క పరంజ్యోతి. తెల్లచొక్కా, చంకలో బైబిలు. ఎవరెదురొచ్చినా వందనాలని, ముందు కాళ్ళ వంక చూసేది. ఎందుకంటే అక్కడ శిష్యుడంటే రెండే పనులు. వాక్యం నేర్చుకోవాలి, యేసయ్య తన శిష్యుల కాళ్ళు కడిగినట్టు ఎదుటివాళ్ళ కాళ్ళు కడగాలి.

నేర్చుకోడం సులువే. చిలక ఎస్తేరు కీర్తనలన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది. వాటిలో ఏముందమ్మా అనడిగితే మళ్ళీ మొదట్నించి అందుకునేది.

చిక్కంతా కడగడం కాడొచ్చింది. శిష్యులందరూ నున్నగా, శుభ్రంగా ఉన్నారు. కొంగ కాళ్ళు కడగబోతే కొంగకే నవ్వొచ్చింది. అడవి మొత్తానికి మురికి కాళ్ళున్నది గేదె రాహేలమ్మకే. మందిరం ముందున్న బురదగుంటలో ఉండేదది.

ఇంకేముంది, తెల్లారితే చాలు చెంబులూ తువ్వాళ్ళూ పట్టుకుని దాని ముందు క్యూ కట్టేవాళ్ళు. కడగడం, ఫోటో దిగడం, మళ్ళీ గుంటలోకి తోలడం. కడిగిన కాసేపూ దాని గిట్టలు ఎంత మెరిసేవంటే, జింకలు వాటిలో చూసుకుని పాపిడి తీసుకునేయి.

ఒకరోజు రాహేలమ్మ నక్కని ఆపింది.

"అయ్యగారూ, కిటికీ కాడ నిలబడి పాఠం వింటన్నా. నాకూ అర్థమవతంది. నన్నూ క్లాసులో కూర్చోనియ్యండి. నాకూ ఎవరికన్నా సేవ చెయ్యాలనుంది."

నక్క చంకలో బైబిలు సర్దుకుంది. "నువ్వు లోపలికొచ్చేస్తే మేం ఎవరికి చెయ్యాలమ్మా? దేవుడు నిన్ను పిలిచింది బురదలోకే. నమ్మకంగా అందులోనే ఉండు."

నక్క బాధ నక్కది. గుడ్ ఫ్రైడే ముందు గురువారం ఏనుగు బిషప్పు గారొస్తారు. అందరికన్నా బాగా కాళ్ళు కడిగినవాళ్ళని శిష్యుల పెద్దని చేస్తారు. ఆ కుర్చీలో తోక ఎటు పెట్టుకోవాలో కూడా నక్క అప్పటికే తేల్చుకుంది.

గురువారం వచ్చింది. బిషప్పు గారు ముందు వరసలో కూర్చున్నారు. చూద్దురు కదా, రాహేలమ్మ ఏట్లో మునిగొచ్చి, కొమ్ములకి కొబ్బరినూనె రాసుకుని, మెట్ల మీద నిగనిగలాడతా నిలబడుంది. ఇయ్యాల బిషప్పు గారినే అడుగుతానంది.

నక్క దాన్ని గుంట పక్కకి పిలిచింది. బతిమాలింది. పచ్చగడ్డి మోపులు ఇప్పిస్తానంది. గేదె తల అడ్డంగా ఊపింది. ఆఖరికి నక్క వెనక్కెళ్ళి బలమంతా పెట్టి తోసింది. నక్క తోస్తే గేదె కదులుద్దా? నక్కే జారి, పీకలదాకా గుంటలో దిగబడింది.

శిష్యుల మొహాలు వెలిగిపోయినయ్. చెంబులతో ఒకటే పరుగు. లాగండ్రా అని నక్క మొత్తుకుంటే, లాగితే బురద వదిలిపోద్ది, కాసేపు ఓర్చుకోమన్నారు. కుడికాలు నాదని కొంగ, ముందు వాక్యం చదవాలని చిలక. పోసిన నీళ్ళకి గుంట నిండి, బురద నక్క ముక్కు కాడికొచ్చింది.

రాహేలమ్మ జనాన్ని తోసుకుంటా వచ్చి, వెనక్కి తిరిగి తోక అందించింది. నక్క దాన్ని కరుచుకుంది. గేదె ఒక్క అడుగేసింది, నక్క బైటపడింది.

"బాగా కరిచారండీ," అంది రాహేలమ్మ తోక చూసుకుంటా. "పదండి, క్లాసులో పక్కపక్కన కూర్చుందాం."

బిషప్పు గారు లేచారు. గేదెని లోపల కూర్చోబెట్టమన్నారు. శిష్యుల పెద్ద సంగతి ఈ ఏటికి లేదన్నారు. తర్వాత గుంట వంక చూసి, ముందు దీన్ని పూడ్చండి అన్నారు.

ఒక్కరూ కదల్లేదు. చెంబులన్నీ గాల్లోనే ఆగిపోయినయ్.

చిలక గొంతు సవరించుకుంది. "అయ్యగారూ, ఇది పూడిస్తే వచ్చే ఏడు మేం శిష్యులమని ఎట్టా తెలుస్తదండీ?"

రాహేలమ్మ కొమ్ములతో మట్టి తోయడం మొదలెట్టింది. నక్క అటూ ఇటూ చూసింది, ఎవరన్నా ఫోటో తీస్తన్నారేమోనని. ఎవరూ తియ్యట్లేదు. అయినా సరే, రెండు గుప్పిళ్ళ మట్టేసింది. నేనైతే నమ్మలేదు, కళ్ళు నులుముకుని మళ్ళీ చూశా.

మిగతా శిష్యులు మాత్రం చెంబులెత్తుకుని పక్క అడివికి బయల్దేరారు. అక్కడ ఇంకా లోతైన గుంటలున్నయ్యంట.

కాబట్టి నీతేంటంటే: ఎవడి గుంటా పూడ్చబాకండి, సేవ చేసుకునేవాళ్ళ పొట్ట కొట్టినట్టవుద్ది.