తిరిగి వచ్చుటకు కారణం

ఒక గొప్ప నగరాన్ని చూడాలనుకునే మనిషికి ఉండవలసిన మొదటి అర్హత, ఆ నగరంలో ఉండిపోవాలన్న కోరిక బొత్తిగా లేకపోవడం. నాగరిక ప్రపంచం ఈ సంగతిని ఎన్నడో తేల్చి, పద్నాలుగు పేజీల దరఖాస్తుగా అచ్చు వేసి పెట్టింది. ఎందుకు వస్తున్నారని అందులో ఒకే ఒక గడిలో అడుగుతారు ("చూడటానికి" అని రాస్తే చివరి అక్షరం గడి బయట పడుతుంది). మిగిలిన పేజీలన్నీ ఎందుకు వెళ్లిపోతారన్నదాని గురించే.

శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పనివాళ్ల మీద ఓవర్‌మన్‌గా చేసి రిటైరైన సీమోనుకు ఇదేమీ తెలియదు. ఆయనకు తెలిసిందల్లా తన భార్య ఆనందమ్మకు రోమా పట్నం చూడాలని ఉందని. ముప్పై ఏండ్లుగా ఆమె చర్చిలో ఆదివారం బడి పిల్లలకు, బైబిల్లో ఖైదీగా ఓడెక్కి రోమాకు పోయిన అపొస్తలుని పాఠం చెబుతోంది. (ఆయన కూడా కింది అధికారుల దగ్గర పని కాక పైకి అప్పీలు చేసుకున్నవాడే. కాకపోతే ఆయన్ని తీసుకుపోయే బాధ్యత సర్కారే నెత్తికెత్తుకుంది, తిరిగి వెళ్తావా అని ఎవరూ అడగలేదు.) చెప్పీ చెప్పీ ఒకనాడు ఆమెకు అనుమానం వచ్చింది. "గా ఊరు నిజంగనే ఉన్నదో, నేనే పోరగాండ్లకు ఉత్త ముచ్చట చెప్పుకుంట వస్తున్ననో. ఒక్కపారి కండ్లార చూసి రావాలె" అంది.

పెండ్లయిన ముప్పై మూడేండ్లలో ఆమె నోరు తెరిచి ఏదైనా అడగడం సీమోనుకు ఇదే గుర్తు. మొదటిసారే రోమా అడిగేసరికి జర తడబడ్డాడు గానీ సరేనన్నాడు. కరీంనగర్‌లో నర్సుగా చేస్తున్న బిడ్డ ఏంజెల్ ఇద్దరికీ కలిపి నాలుగు రోజుల ప్యాకేజీ మాట్లాడింది. వాళ్లిద్దరూ పెండ్లిళ్లకో చావులకో తప్ప కలిసి ఊరు దాటింది లేదు. అందుకని సీమోను ఎవరికీ చెప్పకుండా కొత్త బూట్లు కొనుక్కుని, ఇంట్లో వేసుకుని నడిచి అలవాటు చేసుకున్నాడు.

హైదరాబాదులో ఇలాంటి వీసా దరఖాస్తులు చూడటానికి పునరాగమన విశ్వాస విభాగం అని ఒకటుంది. యాత్రికుడు మళ్లీ తన ఇంటికి పోతాడన్న నమ్మకం కుదిరితేనే అది ముద్ర వేస్తుంది. సీమోను విషయంలో నమ్మకం ఇట్టే కుదిరింది. ఇల్లు ఆయన పేరు మీద, లక్సెట్టిపేట దగ్గర రెండెకరాలు ఆయన పేరు మీద, పింఛనూ స్కూటరూ ఆయనవే, ఆఖరికి కరెంటు మీటరు కూడా. అన్నిటికీ మించి విభాగం వారి మనసు దోచింది బాయి హాజరు పట్టీ. దిగినప్పుడొక గుర్తు, ఎక్కినప్పుడొక గుర్తు, ముప్పై ఆరేండ్ల పాటు ఒక్కటీ తప్పలేదు. భూమి అడుగుకు పోయి రోజూ తిరిగి వచ్చిన మనిషి రోమ్ నుంచి రాడా అని వాళ్లు ముచ్చటపడి ముద్ర కొట్టారు.

ఆనందమ్మ పాస్‌పోర్టుతో పాటు మాత్రం ఒక కాగితం వచ్చింది. "దరఖాస్తుదారు పేరు మీద ఇల్లు, భూమి, ఉద్యోగం, వాహనం, కరెంటు మీటరు లేవు. ఈమె తిరిగి వెళ్లుటకు తగిన కారణం కనబడలేదు. తిరస్కరించడమైనది."

సీమోనుకు ఒళ్లు మండింది. ఎక్కడ అబద్ధం రాశారో పట్టుకుని నిలదీద్దామని మళ్లీ చదివితే ఒక్కటీ దొరకలేదు. అప్పుడు సిగ్గేసింది. ఆనందమ్మ ఆ కాగితం చదివి, మడతపెట్టి, పప్పు మాడుతోందని లోపలికి పోయింది.

ఆయన హైదరాబాదు పోయి విభాగం సహాయ కిటికీ దగ్గర నిలబడ్డాడు. అక్కడ ఉన్న రోజారాణి అనే ఉద్యోగిని పని, వచ్చినవాళ్లను వేరే కిటికీకి పంపడం (ఆ పనిలో ఆమెకు రెండుసార్లు ఉత్తమ ఉద్యోగి పతకం వచ్చింది). ఆమె పుస్తకం తిరగేసి, నిబంధన 14(సి) ప్రకారం ఆస్తి లేని గృహిణులు అనివార్యతా ధ్రువపత్రం పెట్టుకోవచ్చని చెప్పింది. ఫలానా మనిషి లేకపోతే ఫలానా ఇల్లు నడవదని అందులో రాసి ఇస్తారట. అది ఇచ్చే ఆఫీసు మంచిర్యాలలోనే ఉంది. దేశంలో క్యూ లేని ఆఫీసు అదొక్కటే. భార్య లేకపోతే తనకు ఇల్లు నడపడం చేతకాదని సంతకం పెట్టాల్సింది భర్త కాబట్టి, ఇంతవరకు అక్కడికి ఎవరూ పోలేదు.

సీమోను పోయాడు. మంగళవారం పొద్దున పదింటికి విచారణాధికారి లక్ష్మీరాజం ఇంటికి వచ్చాడు. చాలా పద్ధతి గల మనిషి. విచారణ సాగే గంటసేపు గృహిణి కేకకు అందే దూరంలో ఉండాలి గానీ గడప తొక్కకూడదని చెప్పి, ఆనందమ్మను పక్కింటి శంకరవ్వ అరుగు మీద కూర్చోబెట్టించాడు. గడియారం చూసుకుని, ముందుగా చాయ పెట్టమన్నాడు (ఇది లంచం కాదు, పరీక్షలో మొదటి అంశం).

బాయిలో అరవై మందితో పని చేయించినవాడికి ఒక గంట ఇల్లు ఏ లెక్కలోది అనుకున్నాడు సీమోను. స్టవ్వు వెలిగించే లైటరును అరచేతికేసి రెండుసార్లు కొడితేనే నిప్పురవ్వ వస్తుందని ఆయనకు తెలియదు. చాపత్త అని రాసిన డబ్బాలో ఆవాలున్నాయి. ఇంతలో నల్లా వచ్చింది. తాగే నీళ్లు ఏ డ్రమ్ములో పట్టాలో తేల్చుకునేలోపు పెరుగు తెచ్చిన కిష్టవ్వ వాకిట్లో నిలబడి ఇయ్యాల కావాలా వద్దా అని అడిగింది. రేపు చెప్తానన్నాడు. లక్ష్మీరాజం రాసుకుంటూనే, పొద్దున వేసుకునే బీపీ గోలీ ఏదని అడిగాడు. తెల్లదన్నాడు సీమోను. తెల్లవి మూడు రకాలున్నాయి సార్ అని అధికారి మర్యాదగా డబ్బా చూపించాడు. నలభై ఒకటో నిమిషంలో పాలు పొంగాయి, నల్లా నీళ్లు వంటింటి గడప దాటాయి, సీమోను కిటికీ దగ్గరికి పోయి "ఆనందమ్మా" అని పిలిచాడు.

"గృహము నలభై ఒకటవ నిమిషమున స్తంభించినది" అని లక్ష్మీరాజం రాశాడు. "గృహస్థుడు ప్రస్తుతమునకు ఆరోగ్యముగా ఉన్నాడు." ఆనందమ్మ వచ్చి ఐదు నిమిషాల్లో ఇల్లు సర్ది చాయ ఇచ్చింది. దాన్ని అధికారి రికార్డులోకి ఎక్కించకుండా రెండు కప్పులు తాగి, మొదటి తరగతి ధ్రువపత్రం మంజూరు చేశాడు. జిల్లాలో అది మొదటిది కాబట్టి దాంతో ఫొటో కూడా దిగాడు.

ఆ పత్రం చూశాక విభాగం ఆనందమ్మకు వీసా ఇచ్చింది. కింద చిన్న అక్షరాలతో ఒక షరతు పెట్టింది. "ఈమె తిరిగి వచ్చుటకు కారణం: సీమోను, 61 సం. కారణము స్వస్థలముననే ఉండవలెను. కారణమే వెంట వచ్చినచో తిరిగి వెళ్లుటకు కారణము మిగలదు. కావున సదరు కారణము యొక్క వీసా రద్దు చేయడమైనది."

రోజారాణి కిటికీ దగ్గర సీమోను చాలాసేపు వాదించాడు. మేము ఆలుమగలం, కలిసి పోవాలనే కదా ఇదంతా అన్నాడు. కలిసి పోవడానికి అభ్యంతరం లేదని, అప్పుడు ఇద్దరి దరఖాస్తులూ కలిసే తిరస్కరిస్తారని ఆమె ఓపికగా చెప్పింది. వెంట వచ్చిన ఆనందమ్మ కొంగు సర్దుకుని, పోదాం పా, రోమా యాడికి పోతది అంది. సీమోను కిటికీ వదల్లేదు.

"నువ్వు పో. ఇన్నేండ్లు నేను బాయి దిగిపోతే నువ్వు ఇంట్ల కూసుంటివి. నాలుగొద్దులు నేను కూసుంట" అన్నాడు. చెప్పినచోట సంతకం పెట్టాడు.

కరీంనగర్ యాత్రికుల బృందంతో ఆనందమ్మ విమానం ఎక్కింది. కొత్త బూట్లు మంచం కిందికి పోయాయి. సీమోను ఫోన్‌లో "కారణ హాజరు" అనే యాప్ దిగింది. రోజుకు మూడుసార్లు వంటింట్లో నిలబడి అందులో ముఖం చూపించాలి. సాయంత్రం అది ఒక ప్రశ్న అడుగుతుంది, "నేడు మీకు చేతనైన ఇంటిపనులు తెలుపుము" అని. మొదటి రోజు ఏమీ లేవని నొక్కితే ఆకుపచ్చ దీపం వెలిగింది. రెండో రోజు ఆకలికి తాళలేక అన్నం వండుకుని, ఆ సంగతి నిజాయితీగా నొక్కితే, పసుపు దీపం వెలిగి "కారణము బలహీనపడుచున్నది, భార్య వీసాకు భంగము కలుగవచ్చును" అని వచ్చింది. ఆనాటి నుంచి చేసిన పనిని దాచుకోవడం ఆయన పని అయింది. మూడో రోజు పప్పు కుదిరింది. తాగే నీళ్ల డ్రమ్ము తెలిసింది. మూడు తెల్ల గోలీల్లో తనదేదో పట్టుకున్నాడు. యాప్‌కు మాత్రం ఏడుపు ముఖం పెట్టి చూపిస్తూ వచ్చాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆనందమ్మ వీడియో ఫోన్ చేసింది. ఏదో పాత మెట్ల మీద కూర్చుని ఉంది. ఎవరో వండిన రొట్టె ఎవరో కోసి ఇస్తే తింటోంది. ముఖం తేటగా ఉంది. అట్లాంటి ముఖాన్ని చూసి ఎన్నేండ్లయిందో సీమోనుకు లెక్క అందలేదు.

"ఏంజెల్ బాపూ, ఊరు నిజంగనే ఉన్నది. పోరగాండ్లకు నేను అబద్ధం చెప్పలే" అంది. తర్వాత, తిన్నావా, గోలీ వేసుకున్నావా, నల్లా పట్టావా అని వరుసగా అడిగింది.

ఆమెతో అబద్ధం ఆడటం ఆయన వల్ల కాలేదు. అన్నీ చేసుకున్నానన్నాడు, పప్పు గూడ మంచిగనే కుదిరిందన్నాడు. అవతల ఆనందమ్మ నమలడం ఆపింది. వీసా విభాగం ఇన్ని నెలలు ఎందుకంత పరేషాన్ అయిందో సీమోనుకు అప్పుడు అర్థమైంది.

"కాయితం మీదున్న కారణమైతే ఇగ లేదు ఆనందమ్మా" అన్నాడు మెల్లగా. "అయినా వస్తవా?"

తిరిగి వస్తుందా లేదా అని ఇన్ని నెలల్లో అందరూ కాగితాలను అడిగారు. ఆమెను అడిగినవాళ్లు ఆయనతో కలిపి ఒక్కరు. ఆనందమ్మ చేతిలోని రొట్టె ముక్క నోట్లో వేసుకుని, మెట్ల కింది గల్లీ వైపు చూసింది.

"ఇంక ఒక్క గల్లీ చూసేదున్నది" అంది. "చూసినంక చెప్త."