బ్యాటరీకి ఉక్కపోయకూడదు

హైబ్రిడ్ కారు కొన్నవాడు ఏసీ వేయకూడదు. వేశాడంటే కన్నబిడ్డ నోటి దగ్గర పాలు లాక్కున్నట్టే. ఇది నా నిశ్చితాభిప్రాయం. పల్లెటూరి బడిలో చదివినవాణ్ణి, ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు రాదు.

మీకేమైనా అనుమానమా? అయితే వినండి. హైబ్రిడ్ కారులో ఏసీ బ్యాటరీ మీద పడి బతుకుతుంది. బ్యాటరీ నీరసిస్తే, హాయిగా నిద్రపోతున్న ఇంజిను లేచి కూర్చుంటుంది. లేచిన ఇంజిను ఊరుకుంటుందా? పెట్రోలు అడుగుతుంది. అంటే మీ మెడ మీద చెమట ఆరడానికి ఒక అమాయకపు ఇంజిను నిద్ర పాడు చేశారన్నమాట. సిగ్గుగా లేదూ!

ఈ జ్ఞానం నాకు మా అల్లుడు ప్రసాదించాడు. ఆయన పళ్ల డాక్టరు. పగలంతా ఏసీ గదిలో నిలబడి జనం నోళ్లలోకి తొంగిచూస్తాడు. కారెక్కగానే ఏసీ కట్టేస్తాడు. పోనీ అద్దాలు దించుతాడా? దించడు. దించితే గాలి లోపలికి దూరి కారును వెనక్కి గుంజుతుందట. కాబట్టి ఏసీ ఉండదు, గాలీ ఉండదు. మైలేజీ ఉంటుంది.

హైబ్రిడ్ ఓనర్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. లీటరుకు ముప్ఫై దాటినట్టు స్క్రీన్ ఫొటో పెట్టినవాడి పేరు పక్కన కిరీటం బొమ్మ పెడతారు. మా అల్లుడు ఎన్నాళ్లుగానో ఇరవై తొమ్మిది దగ్గర కొట్టుమిట్టాడుతున్నాడు. ముందు సీట్లో ఫోను స్టాండు బిగించాడు. ముప్ఫై వచ్చిన క్షణాన్ని వీడియో తీయాలి కదా. అందుకని మనుషులంతా వెనక సీట్లోనే.

ఇందులో లాభాలు ఎన్నని చెప్పను? చెమట పడితే ఒంటి బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే మైలేజీ పెరుగుతుంది. ప్రయాణికుడు ఊరికే కూర్చోకుండా కరుగుతూ సాయం చేస్తాడు! ఇక శాంతి సంగతి. నోరు తెరిస్తే వేడి ఊపిరి బయటికొస్తుంది కాబట్టి ఎవరూ మాట్లాడరు. మా ఆవిడ పోయాక ఇంట్లో నా మాట వినే దిక్కు లేదు. ఆ కారులో ఎవరి మాటా ఎవరూ వినరు. నాకు అంతకంటే న్యాయం ఎక్కడ దొరుకుతుంది?

మొన్న మా అమ్మాయికి ఇంటర్వ్యూ. ఏళ్ల తరబడి వార్డులో నర్సుగా నిలబడి పనిచేసింది. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు పోస్టు పడింది. మళ్లీ ఎప్పుడు పడుతుందో తెలియదు. పొద్దున్నే లేచి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంది, బాగోలేదని మళ్లీ చేసుకుంది. "నాన్నా, నువ్వూ రా. పక్కనుంటే ధైర్యంగా ఉంటుంది" అంది. వెళ్లాను.

సగం దారికే చొక్కా వీపుకు అంటుకుంది.

"ఏమండీ, ఈ ఒక్కరోజు ఏసీ వేయండి. ఈ అవతారంతో వాళ్ల ముందు ఎలా కూర్చోను?"

"ఇరవై తొమ్మిదిన్నర. ఇప్పుడు వేస్తే అంతా బూడిదలో పోసినట్టే. కొంచెం ఓర్చుకో."

"చొక్కా పిండితే బిందె నిండుతుంది."

"వాళ్లు చొక్కా చూస్తారా, సర్టిఫికెట్లు చూస్తారా?"

నేను కలగజేసుకోలేదు. మా ఆవిడైతే చెయ్యి చాపి మీట నొక్కేసేది, అల్లుడా గిల్లుడా అని చూసేది కాదు. నాకా చొరవ లేదు.

ఇంతలో స్క్రీన్ మీద ఎర్ర దీపం వెలిగింది. బ్యాటరీ వేడెక్కిందట. కారు బలం తగ్గి ఈసురోమంటూ పాకడం మొదలుపెట్టింది. అల్లుడి ముఖం పాలిపోయింది. పక్కకు ఆపి కిరీటం ఉన్న ఆసామికి ఫోన్ చేశాడు. స్పీకర్లో ఆయన గొంతు తాపీగా వినిపించింది.

"ఏసీ లేకుండా నడిపావా? అదేం పని తమ్ముడూ? నేనెప్పుడూ ఆపను, ఇరవై ఐదు డిగ్రీల్లో పెట్టి వదిలేస్తాను. వెనక సీటు కింద జాలీ ఉంది చూడు, బ్యాటరీ ఆ దారినే లోపలి గాలి పీల్చుకుంటుంది. మీరు ఉడికితే అదీ ఉడుకుతుంది. అది చేతులెత్తేస్తే బరువంతా ఇంజిను మీదే. ఇంకేం మైలేజీ?"

ఫోను పెట్టేలోపే ఏసీ మోగిపోయింది. పద్దెనిమిది, ఫుల్ స్పీడు! భార్య బతిమాలితే కదలని వేలు, బ్యాటరీ అనగానే ఎంత చురుగ్గా కదిలిందో చూశారా?

"మావయ్యగారూ, కాళ్లు పక్కకు తీయండి. జాలీకి అడ్డమొస్తున్నాయి."

తీశాను.

"అసలు మీరిద్దరూ కాసేపు దిగండి. మనిషి ఒంటి వేడి కూడా వేడే. ఖాళీగా ఉంటే తొందరగా చల్లబడుతుంది."

దిగాం. ఆయనా దిగాడు, పక్షపాతం లేని మనిషి. నడినెత్తిన ఎండ. ముగ్గురం రోడ్డు పక్కన నిలబడ్డాం. కారులో బ్యాటరీ ఒక్కతే ఏసీలో కూర్చుంది.

మా అమ్మాయి వాచీ చూసుకుంది. మొగుణ్ణి చూసింది. ఆయన వంగి అద్దంలోంచి ఎర్ర దీపాన్ని చూస్తున్నాడు. దీపం ఆరిపోగానే "హమ్మయ్య" అని నడుం నిటారు చేసి, గ్రూపులో శుభవార్త పెట్టడానికి ఫోను మీద తల వంచాడు. ఆమె అటువైపు వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుంది. కారు చప్పుడు చేయకుండా కదిలింది. హైబ్రిడ్ కదా! ఆయన తలెత్తేసరికి మలుపు దాటుతోంది.

"ఏసీ ఫుల్లులో ఉంది. అలా తొక్కితే ఎలా?" అన్నాడు, నాతోనో రోడ్డుతోనో.

"ఇంటర్వ్యూకి అందుకుంటుందంటావా?" అన్నాను.

ఇద్దరం నడిచాం.

మేం ఆసుపత్రికి చేరేసరికి మా అమ్మాయి కారులో కూర్చుని ఉంది. చొక్కా పొడిగా, ముఖం తేటగా ఉంది. అద్దం దించి "వచ్చింది. ఒకటో తారీకు నుంచి రమ్మన్నారు" అంది.

అల్లుడు ఆ కిటికీలోంచే తల దూర్చాడు. భార్య ముఖం దాటి, స్క్రీన్ దాకా దూర్చాడు.

"పంతొమ్మిది" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ కళ్లను మా అమ్మాయి చూసింది. అప్పటినుంచి ఆయనతో మాట్లాడటం లేదు. వంట చేస్తుంది, డ్యూటీకి వెళ్తుంది, ఏసీ వేసుకుని కారు నడుపుతుంది. మాట మాత్రం లేదు.

ఆయన గ్రూపులో అడుగుతున్నాడు, పంతొమ్మిదికి పడిపోయినవాడు మళ్లీ పైకి రావాలంటే ఎన్నాళ్లు పడుతుందని. కిరీటం ఆసామి ఏవేవో చిట్కాలు రాస్తున్నాడు. అడగాల్సిన మనిషి పక్క గదిలోనే ఉంది. నన్నడిగితే ఆ మాట చెబుతాను. అడిగితేనే చెబుతాను.