ఉచిత సోర్స్ కోడ్ పంపిణీ

దేశంలోనే మొట్టమొదటి ఉచిత సోర్స్ కోడ్ పంపిణీ పథకాన్ని పర్ణశాల సమీపాన, గోదావరి ఒడ్డున, అశేష ప్రజానీకం సమక్షంలో ప్రారంభిస్తామని మంత్రిగారు ప్రకటించారు. ఆ ప్రకటన విని వరద సమాచార విభాగాధికారి సారంగపాణి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

కారణం 'వరద మిత్ర' యాప్. నది ప్రమాదస్థాయి దాటితే ఊళ్లలోని ఫోన్లన్నీ మోగాలి. ఎవరో పుణ్యాత్ములు లోకానికి ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌కు కాంట్రాక్టరు మంత్రిగారి ఫొటో అతికించగా, అది మన సొంత ఆవిష్కరణ అయింది. ఆ దాతలది ఒకటే షరతు: యాప్‌ను పంచినవారు, దాన్ని ఏ రాతతో తయారుచేశారో ఆ సోర్స్ కోడ్‌ను కూడా, యాప్ అందుకున్నవారు అడిగితే ఇవ్వాలి. ఎవరూ అడగరన్న భరోసాతో సారంగపాణి ఆ షరతును గౌరవించి సంతకం చేశాడు.

నర్సు సునంద అడిగింది.

"పోయినేడు మా సబ్‌సెంటర్ల మోకాల్లోతు నీళ్లొచ్చినా, యాప్‌ల 'క్షేమం' అనే ఉండె సార్. మళ్ల వానలొచ్చినయ్. ఎందుకట్లయిందో చూస్కుంటం, కోడ్ ఇయ్యుండ్రి."

"అది ప్రభుత్వ రహస్యం తల్లీ."

"అడిగితే ఇస్తమని మీ యాప్‌లనే రాసుంది గద సార్."

సారంగపాణి సంగతిని మంత్రిగారికి విన్నవించాడు. అడిగినవారికి లేదనని మహానుభావుడాయన.

"ఒక్కామెకే ఎందుకయ్యా? అందరికియ్యి. సంచి మీద నా ఫొటో మంచిగ రావాలె."

"అందులో ఏముందో ముందొకసారి తెలిసినవాళ్లకు చూపిద్దామా సార్?"

"బియ్యం ఇచ్చేటప్పుడు గింజగింజ చూసినమా?"

తెల్ల రేషన్ కార్డు ఉన్నవారే అర్హులన్నారు. సంచికొక పెన్‌డ్రైవ్. కంప్యూటర్ లేనివారు చిన్నబుచ్చుకోకుండా, దానితోపాటు ఒక చీర.

సభనాడు ముసురు పట్టింది. మొదటి సంచి సునందకు దక్కింది. ఆమె మరిది సాయికృష్ణ బొగ్గు గని ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. వేదిక వెనుక అతడు ల్యాప్‌టాప్ తెరవగా, సారంగపాణి ఏమీ పట్టనట్టు వారి వెనుకే నిలబడ్డాడు.

"మంత్రిగారు మండలంల ఉంటే ఫోన్లు మోగొద్దని రాసిండ్రు వదినా."

"ఏంది?"

"పక్కన కారణం గూడ పెట్టిండ్రు. 'సభ చెదరకుండా' అని."

సునందకు గుర్తొచ్చింది. "పోయినేడు నీళ్లొచ్చిన నాడు గూడ రోడ్డు శంకుస్థాపనకు వచ్చిండె."

సాయికృష్ణ ఆ ఒక్క వరుసా తీసేసి యాప్‌ను మళ్లీ నడిపించాడు. ల్యాప్‌టాప్ కీచుమని మోగింది. రెండో ప్రమాద హెచ్చరిక. సారంగపాణి చేతిలోని ఫోన్ మాత్రం క్షేమంగానే ఉంది.

"సార్, మంత్రిగారు ఎప్పుడు బయలెల్తరు?" అంది సునంద.

"ఎందుకమ్మా?"

"వారు పోతేగాని మా ఫోన్లు మోగయట."

సారంగపాణి వేదికవైపు చూశాడు. మంత్రిగారి ప్రసంగం పుష్పక విమానం దాకా వచ్చింది. సాఫ్ట్‌వేర్‌కు ఇంకా రెండు యుగాల దూరముంది. మైకు అందుకునేంత దగ్గరలో ఉంది. అందుకుంటే ఉద్యోగం అందనంత దూరం పోతుంది. సారంగపాణి ఇంకా తూకం వేస్తుండగానే సునంద వరుస వెంట వరుస తిరిగి చెవుల్లో చెప్పింది. జనం చప్పుడు చేయకుండా లేచి, సంచులు నెత్తిన పెట్టుకుని, పిల్లలను చంకనేసుకుని గుట్టదారి పట్టారు.

మంత్రిగారు మైకుకు చెయ్యి అడ్డం పెట్టారు. "ఏందయ్యా, అందరు ఎటు పోతున్నరు?"

సారంగపాణి చేతులు కట్టుకున్నాడు. "సోర్స్ కోడ్ చదువుకునేటందుకు సార్."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ఇంతటి జ్ఞానదాహం చూశాక ఈ మండలం విడిచి వెళ్లడానికి మనసొప్పడం లేదని, రెండు రోజులు ఇక్కడే బస చేస్తానని ఖాళీ కుర్చీలకు ప్రకటించారు.